ఎవరి చేత్తో విప్పాలి?

మా చిన్నప్పుడు టార్చిలైటు బ్యాటరీలు నీరసపడితే మా నాన్నగారు వాటిని తీసి కిటికీ గట్టుమీద ఎండలో పెట్టేవారు. సాయంత్రానికి వాటికి కాస్త ప్రాణం లేచి వచ్చేది. నిజంగానే వచ్చేదో, వచ్చిందని మేమే అనుకునేవాళ్ళమో గానీ, రాత్రిపూట దొడ్లోకి వెళ్ళి రావడానికి సరిపడా వెలుతురు మాత్రం ఇంకో నాలుగు రోజులు దొరికేది. వస్తువుని చివరి బొట్టుదాకా వాడుకోవటం మా ఇంట్లో ఓ వ్రతం లాంటిది. ఆ వ్రతం నన్నింకా వదల్లేదు.

అంచేత నా సెల్‌ఫోను మధ్యాహ్నం పన్నెండింటికల్లా కళ్ళు తేలేస్తూంటే నాకు కొత్తది కొనాలని తోచలేదు. పొద్దున్న నిండా నూరు శాతం. వంటయి, అందరూ భోజనాలకి కూర్చునేసరికి ఇరవై. గుడికి వెళ్తే దేవుడి కంటే ముందు ప్లగ్గెక్కడుందా అని వెతుక్కోవలసి వస్తోంది. బ్యాంకువాళ్ళు పంపే అంకెలు సరిగ్గా ఫోను చచ్చిపోయాకే వస్తాయి. అయిదేళ్ళ ఫోను మరి! ఈ బ్యాటరీలు సాధారణంగా ఓ 500 సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి శక్తిలో అయిదోవంతు పోగొట్టుకుంటాయట. ఈ మధ్య వచ్చినవి కొన్ని 1000 దాకా లాగుతాయి. నాదెన్నిసార్లు నిండి ఖాళీ అయిందో ఆ భగవంతుడికే తెలియాలి.

బాగుచేసేచోటికి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి లెక్క చెప్పి, "ఇంత పెట్టే బదులు కొత్తది తీసుకోండి మేడమ్" అంది. ఈ 'బదులు' అన్న మాటతోనే నాకు చిక్కు. ఫోనుకి వచ్చిన రోగం ఒక్కటే కదా! మాట బాగానే వినిపిస్తుంది, బొమ్మ బాగానే కనిపిస్తుంది, మనవలు విసిరేసినా అద్దం పగల్లేదు. కాలు బెణికిందని మనిషినే మార్చేస్తామా?

ఒకప్పుడిలా కాదు, గుర్తుందా? ఓ ఇరవై ఏళ్ళ కిందటి ఫోన్లకి వెనక మూత గోరుతో తీస్తే వచ్చేసేది. కిందపడితే ఫోనొకవైపు, మూతొకవైపు, బ్యాటరీ మంచం కిందికీ పోయేవి. మూడూ ఏరుకొచ్చి, ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టుకునేవాళ్ళం. అది పాడైతే కొత్తది పెట్టుకోవటం గోడగడియారంలో బ్యాటరీ వేసినంత పని. తర్వాత ఫోన్లు సన్నబడ్డాయి, నీళ్ళు చొరకుండా మూతలు బిగుసుకున్నాయి, లోపల బ్యాటరీని జిగురుతో అంటించేశారు. యూరపు దేశాలవాళ్ళు 2023లో ఒక చట్టం చేశారు. వాడేవాళ్ళే బ్యాటరీ తీసి మార్చుకునే వీలుండాలని, 2027 ఫిబ్రవరి నుంచి అమలు కావాలని అందులో నిబంధన. కొన్ని మినహాయింపులూ ఉన్నాయిలెండి. అంటే గోరుతో తీసే మూతని చట్టంచేత మళ్ళీ తెప్పించుకోవలసిన రోజులు వచ్చాయన్నమాట!

సరిగ్గా అప్పుడే సెలవులకి మా మేనకోడలు వచ్చింది. "అత్తా, నేను మారుస్తాను చూడు" అంది. రెండ్రోజుల్లో కొత్త బ్యాటరీ, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ పుల్లలూ ఉన్న పెట్టె పోస్టులో వచ్చేశాయి. భోజనాల బల్ల మీద పాత న్యూస్‌పేపరు పరిచింది. నేను పక్కన కూర్చుని ఆనందిస్తున్నాను. అప్పుడు మా అత్తయ్య తన కుర్చీలోంచే అడిగారు.

"అది పేల్తుందంటారుగా. పేలితే ఎవరికమ్మాయ్ తగిలేది?"

నవ్వేశాం. నవ్వాం గానీ, ఆ ప్రశ్న నన్ను ఇవాళ్టిదాకా వదల్లేదు.

నిప్పుతో, కరెంటుతో మనకి కొత్త స్నేహమేం కాదు. పంపు స్టవ్వుకి పిన్ను పెట్టి బర్నరు శుభ్రం చేసుకున్న చేతులు మనవి. గ్యాసు గొట్టం మీద సబ్బునురుగు రాసి బుడగలొస్తున్నాయేమో చూసుకున్నవాళ్ళం. ఫ్యూజు పోతే మా అమ్మే స్టూలెక్కి తీగ చుట్టేది. కింద నిలబడి మేం నలుగురం ఒకటే పాట, "మెయిన్ ఆపావా? మెయిన్ ఆపావా?" అని. అదే వీధిలో ఒకాయన మాటిమాటికీ ఫ్యూజు పోతోందని విసుగెత్తి దానికి లావుపాటి తీగ చుట్టారు. ఇక ఫ్యూజు పోలేదు. ఆయన పొదుపుని అందరూ మెచ్చుకున్నారు. ఓ ఎండాకాలం రాత్రి గోడలోని వైర్లే మాడిపోయి, పక్కవాటాలో బాలింత బిడ్డనెత్తుకుని వీధిలోకి పరుగెత్తవలసి వచ్చింది. పొదుపు ఆయనది, పరుగు ఆవిడది.

అయితే ఫ్యూజుకీ ఈ బ్యాటరీకీ ఒక తేడా ఉంది. దీనికి మెయిన్ లేదు. ఫోను కట్టేసినా దాని కడుపులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మా మేనకోడలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. "మడతకాజా తెలుసుగా అత్తా, అల్లాగే ఉంటుంది" అని. పల్చటి రాగిరేకు, అల్యూమినియం రేకు, వాటికి పూసిన మందులు, రెండింటికీ మధ్య వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ పొర, అన్నీ కలిపి మడతలుగా చుట్టి, మండే ద్రవంలో నానబెట్టి, వెండిరంగు సంచీలో మూసేస్తారు. మధ్య పొర చిరిగినా, సంచీ వంగి మడతలు నలిగినా రెండు రేకులూ కలుసుకుంటాయి. అంతే, వేడి పుడుతుంది, వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. దాని కడుపులో ఎంతుంటుందని అడిగితే లెక్కకట్టి చెప్పింది. 4000 మిల్లీ ఆంపియర్‌ అవర్ల బ్యాటరీలో ఉన్న కరెంటు ఒక గ్లాసెడు నీళ్ళు మరిగించడానికి సరిపోతుందట. ఇంతేనా అనిపించింది. కానీ ఆ గ్లాసెడు మరుగంతా క్షణాల్లో మన వేళ్ళ మధ్యే జరిగితే? దానికి తోడు ఆ ద్రవం కూడా అంటుకుంటే? అంత జాగ్రత్తపరులైన శాంసంగ్‌వాళ్ళకే 2016లో నోట్ 7 అనే ఫోన్లు అంటుకుంటూంటే అన్నిటినీ వెనక్కి తీసుకోక తప్పలేదు.

అత్తయ్య ప్రశ్న తర్వాత మా పిల్ల బల్ల మీంచి సరంజామా అంతా తీసేసింది. వెనక బాల్కనీలో వట్టి గచ్చు మీదికి మార్చింది. అక్కడ కర్టెన్లూ లేవు, గ్యాసుపొయ్యీ లేదు. ఎదురుగా కడుతున్న మేడ దగ్గర అడిగి అరబకెట్టు పొడి ఇసుక తెప్పించాం. ఏమన్నా పొగ వస్తే బ్యాటరీని అందులో పడేసి పైన ఇసుక గుమ్మరించి దూరంగా జరగడానికి. కళ్ళకి అద్దాలు పెట్టుకుంది. ఫోను ఛార్జీ పావు భాగానికి దిగేదాకా వాడించి, అప్పుడు కట్టేసింది. ఎంత ఖాళీగా ఉంటే అంత తక్కువ అల్లరి చేస్తుందట. "బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం నేను ముట్టను, ముందే చెప్తున్నా" అంది. ఉబ్బటమంటే లోపల గ్యాసు చేరటం. పొంగిన పూరీని చూస్తే వేలితో పొడవాలనిపిస్తుంది చూడండి, దీన్ని మాత్రం పొడవకూడదు. అదృష్టవశాత్తూ మాది ఉబ్బలేదు.

వెనక పలకకి హెయిర్ డ్రయ్యరుతో జిగురు మెత్తబడేంత వెచ్చదనం పట్టించింది. ప్లాస్టిక్ పుల్ల దూర్చి నెమ్మదిగా విప్పింది. కాగితం మీద ఫోను బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే పెట్టింది. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కింద బోర్డుకి గాయమవుతుందిట. అన్నిటికంటే ముందు బ్యాటరీ తీగని బోర్డు నుంచి ఊడదీసింది, ఇనపది తగలకుండా ప్లాస్టిక్ పుల్లతోనే. మెయిన్ లేదని అన్నాను గానీ, ఉన్నంతలో అదే దీని మెయిన్. ఇంతవరకూ పెళ్ళిసారె సర్దినంత పద్ధతిగా నడిచింది.

తర్వాత జిగురు. బ్యాటరీ కింద సాగే జిగురు పట్టీలు రెండుంటాయి. వాటి కొసలు పట్టుకుని లాగితే సాగుతూ సాగుతూ ఊడి రావాలి. ఒకటి వచ్చింది. రెండోది సగంలో తెగింది.

ఇక ప్లాస్టిక్ కార్డు దూర్చి లేపటమే దారి. అటునుంచి కొంచెం, ఇటునుంచి కొంచెం. ఒక మూల లేచింది. లేవటంతోపాటు సంచీ కాస్త వంగింది. మా పిల్ల ఆగిపోయింది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది. వంగకూడదని మడతకాజా కథంతా విన్నదాన్ని, "ఇంత దూరం వచ్చాం కదే, ఇంకొంచెం లాగి చూడు" అన్నాను. నిజంగా అన్నాను. కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టాం, పనిముట్లకి పెట్టాం, ఉదయమంతా పెట్టాం. ఇప్పుడు వెనక్కి తగ్గితే అవన్నీ బూడిదలో పోసినట్టే కదా అని నా మనసు లెక్కలు వేస్తోంది. ఆ లెక్కలో ఆ పిల్ల వేళ్ళు లేవు. ఎంత వింతో చూడండి, ధైర్యమని నేననుకున్నది వట్టి లోభమే. పోయిన డబ్బుని పట్టుకు వేలాడే లోభం. పైగా వేళ్ళు నావి కూడా కాదు.

మా పిల్ల కార్డు కింద పెట్టేసింది. "వద్దత్తా. ఇది నాకు తెలిసినంత వరకూ చేశాను. దీని తర్వాత నాకు తెలీదు" అంది. ఇరవై ఏళ్ళ పిల్ల ఆ మాట అనగలిగింది. నా వయసులో నాకు నోరు రాలేదు. పని మొదలుపెట్టటం చాలామందికి వచ్చు. సగంలో, అందరూ చూస్తూండగా, డబ్బు పోగొట్టుకుని ఆపటం ఎంతమందికి వచ్చు?

ఫోనుని అల్లాగే మట్టి మూకుట్లో పెట్టుకుని, ఎవరో సీమంతానికి వెళ్తున్నట్టు ఇద్దరం నడిచి, సందు చివర ఫోన్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళాం. కొట్టంటే ఏముంది, అగ్గిపెట్టె. అందులో ఓ కుర్రాడు. మా పిల్లకంటే రెండేళ్ళు పెద్దేమో. చూడగానే "లాక్కుండా మంచిపని చేశారు" అన్నాడు. బ్యాటరీ అంచుల్లో నాలుగు చుక్కలు ఆల్కహాలు వేశాడు. అది జిగురులోకి దిగేదాకా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుకున్నాడు. తర్వాత బల్లపరుపు పుల్లతో మెల్లగా లేపితే, చల్లారిన అరిసె కాగితం మీంచి లేచినట్టు లేచి వచ్చింది. కొత్తది అంటించి బిగించేశాడు. అంతా ఇరవై నిమిషాలు.

"భయం వెయ్యదా బాబూ?" అన్నాను.

"రోజుకి అయిదారు చేస్తానమ్మా. ఒక్కసారి పొగొచ్చింది. రోడ్డు మీదికి విసిరేశా" అని నవ్వి, బొటనవేలు చూపించాడు. నున్నగా, గులాబీరంగులో ఉంది అక్కడి చర్మం.

చుట్టూ చూశాను. ఇసుక బకెట్టు లేదు. కళ్ళకి అద్దాల్లేవు. పక్కన మూడు ఫోన్లు విప్పి ఉన్నాయి. వెనకాల అట్టపెట్టెల గుట్ట. మేం మా బాల్కనీలో ఎన్ని జాగ్రత్తలు పడ్డామో, అవేవీ ఇక్కడ లేవు. మూడొందలడిగాడు. "రెండొందలు తీసుకోరాదూ?" అన్నమాట నా నోట్లోంచి అప్పటికే వచ్చేసింది. కూరగాయల బేరం అలవాటు.

ఇంటికొచ్చాక మావారితో అన్నాను, మన చేతులు కాలతాయని భయపడి ఆ కుర్రాడి చేతిలో పెట్టి వచ్చామండీ అని. ఆయన ఒప్పుకోలేదు. "పని తెలిసినవాడికి అప్పగించటం ప్రమాదాన్ని బదిలీ చెయ్యటం కాదు. మీ చేతిలో ఉన్నప్పుడు అది పెద్దది, అతని చేతిలోకి వెళ్ళేసరికి చిన్నదయింది. అట్లా అయితే నుయ్యి తవ్వేవాళ్ళని, కరెంటు స్తంభం ఎక్కేవాళ్ళని కూడా పిలవకూడదుగా?" అన్నారు. సబబే. నేనూ కొంతవరకు ఒప్పుకున్నాను. నేర్పు ఉన్నచోట ప్రమాదం నిజంగానే తగ్గుతుంది. ఆ నేర్పుకి మనమిచ్చే డబ్బు అతని బియ్యం, కూరలు.

కానీ నాకు మిగిలిపోయిన సందేహం వేరు. ఆ మూడొందల్లో ఇసుక బకెట్టు ధర ఉందా? కళ్ళద్దాల ధర? బొటనవేలి ధర? అతను అవన్నీ కలిపి అయిదొందలంటే నేను ఇచ్చేదాన్నా, ఇంకో కొట్టుకి పోయేదాన్నా? పోయేదాన్నే. మా పిల్ల వేళ్ళకయితే ఇసుక తెప్పించాను, ఆ అబ్బాయి వేళ్ళకి బేరమాడాను. అతనికి తెలిసి చేస్తున్నాడు, నిజమే. తెలిసి ఒప్పుకోవటం వేరు, ఒప్పుకోక తప్పకపోవటం వేరు. బయటివాళ్ళకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

పోనీ, ఆ మేడమ్ చెప్పినట్టు హాయిగా కొత్త ఫోను కొనేస్తే? అప్పుడూ కాలే చేతులు ఎక్కడో ఉంటాయి, మన సందు చివర ఉండవు, అంతే. ఈ బ్యాటరీల్లో చాలావాటికి కావలసిన కోబాల్టు ప్రపంచంలో తవ్వేదాంట్లో సగానికి పైగా కాంగో దేశం నుంచే వస్తుంది. అక్కడ కొన్నిచోట్ల మనుషులు, పిల్లలతో సహా, చేత్తో గోతులు తవ్వి తీస్తారు. ఇటు మనం పారేసిన ఫోన్లు ఢిల్లీలో సీలంపూర్ లాంటి చోట్లకి చేరి, మనుషులు వట్టిచేతుల్తో విడగొడితే విడిపోతాయి. 2019లో ఈ బ్యాటరీని సాధ్యం చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకి నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ళలో గుడినఫ్‌గారికి అప్పటికి 97 ఏళ్ళు. ఇవ్వవలసిందే. దీని పుణ్యమా అని దూరదేశాల్లో ఉన్న మనవల ముఖాలు రోజూ చూస్తున్నాం. బహుమతి అందుకున్న చేతులు మనకి తెలుసు. మిగతా చేతుల పేర్లే మనకి తెలీవు.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ కుర్రాడు ఫోనుతోపాటు పాత బ్యాటరీ కూడా నా చేతిలో పెట్టేశాడు. "మీరే తీసుకెళ్ళండమ్మా, నా దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి" అని. దాన్నేం చెయ్యాలి? రెండ్రోజులు మూకుట్లోనే ఉంది. మూడోరోజు పొద్దున్న చెత్తబండి పాట వినిపించింది. నేను దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టేశాను. పొడిచెత్త బుట్ట దాకా వెళ్ళాను కూడా.

పాతరోజుల్లో గాజుగ్లాసు పగిలితే మా అత్తయ్య పెంకులన్నీ గుడ్డలో మూటకట్టి, విడిగా పెట్టి, ఊడ్చే మనిషి వచ్చేదాకా గుమ్మంలో నిలబడేవారు. "గాజుపెంకులున్నాయే, చెయ్యి పెట్టకు" అని చెప్పిగానీ లోపలికి వచ్చేవారు కాదు. చాదస్తమని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఉన్నది గాజుపెంకు కంటే దొంగది. గాజయితే కనిపిస్తుంది. ఇది న్యూస్‌పేపర్లో పల్చగా, పెసరట్టు మడతలా ఉంది. బండిలో పైనుంచి మూకుడు పెచ్చో, ఇనపముక్కో పడి నలిగిందంటే, ఆ బండి వెనక నిలబడి తడీ పొడీ వేరుచేసే అమ్మాయి ముఖానికి అడుగుదూరంలో నా గ్లాసెడు మరుగు మొదలవుతుంది. వాడేసిన బ్యాటరీలు మామూలు చెత్తలో కలపకూడదని, విడిగా అప్పగించాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే ఉంది. తయారు చేసినవాళ్ళే పాతవి వెనక్కి తీసుకుని తగినట్టు చూడాలని 2022లో వచ్చిన నిబంధనలు చెప్తున్నాయి. నిబంధనలకేం, బాగానే ఉన్నాయి. మా ఇంటికి అవి చాలా దూరంలో ఉన్నాయి. పాత బ్యాటరీలు తీసుకునే పెట్టె ఊరికి ఆ చివర ఉంది. రెండు బస్సులు మారాలి.

బుట్ట దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాను. గొప్ప మనసుతో కాదు. అత్తయ్య కుర్చీలోంచి చూస్తున్నారు.

ఇప్పుడది పాత పాలపొడి డబ్బాలో ఇసుకలో పడుకుని ఉంది. కొసలకి టేపు అంటించాం, మూత బిగించకుండా వదులుగా పెట్టాం, ఎండా వానా తగలకుండా బాల్కనీ మూల ఉంచాం. మావారు రేపు తీసుకెళ్తానంటున్నారు. ఆ రేపటికి ఇవాళ్టితో మూడు వారాలు. ఫోను మటుకు రాత్రి పది దాకా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మొన్న ఎదురింటి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చి, ఊరగాయ పెట్టావేమిటే అని మూత తియ్యబోయారు. ఆవిడ వెళ్ళగానే మా మేనకోడలు తెల్లకాగితం మీద లావుపాటి అక్షరాల్తో రాసి డబ్బాకి అంటించింది. "ఇది ఆవకాయ కాదు. దయచేసి తెరవకండి."